వేరు, కాండము: రేగడి చేను నేర్పు పాఠము

రూపనగుడి చుట్టుపట్ల నల్లరేగడి చేలను చూచువారికి ఒక సందేహము కలుగక మానదు. ఉత్తర, హస్త కార్తెలలో పదును చూచి విత్తిన హింగారు జొన్న, ఆ పిమ్మట చాలినంత వాన లేకయే మూడు నాలుగు మాసములు పెరుగును. పుష్యమాసమునాటికి పైనేల ఎండి నెఱ్ఱెలు వారియుండును. అయినను దంటు పచ్చగా నిలిచి, కంకి వేసి, గింజ పట్టుచుండును. ఇదే తాలూకాలో కాలువగట్టు ప్రక్కనున్న పల్లపు చేనిలో నీరు కొన్ని దినములు కదలక నిలిచినచో, అదే జొన్న పసుపువన్నెకు తిరిగి వడలిపోవును. నీరు కానరాని చోట పైరు బ్రదుకుటయు, నీరు నిండిన చోట పైరు చచ్చుటయు ఎట్లు సంభవించుచున్నవి?

ఈ ప్రశ్నకు సమాధానము వృక్షశాస్త్రములోని తొలి పాఠములందే యున్నది. వేరు నేలలోనికి పోవును, కాండము పైకి పెరుగును, వేరు నీటిని పీల్చును, కాండము దానిని మోయును అని మనము చిన్ననాటనే వల్లె వేయుదుము. వల్లె వేసిన పిమ్మట ఆ పాఠమును పుస్తకములోనే విడిచిపెట్టుదుము. ఈ వ్యాసమున మేము దానిని పుస్తకము నుండి తీసి మన చేలలో నిలువబెట్టి చూడదలచితిమి. ఒక్క మాట మొదటనే చెప్పుదుము. పైరునకు మనము పోయు నీరు ఎంత యన్నది సగము ప్రశ్న మాత్రమే. ఆ నీటిని వేరు త్రాగగలదా యన్నది తక్కిన సగము.

మన నేల, మన వాన

బళ్ళారి జిల్లా దక్కను పీఠభూమిపై నున్న మెట్టసీమ. నైఋతి ఋతుపవనములు తమ నీటిని చాలవఱకు పడమటి కనుమలమీదనే కుమ్మరించి, ఇచ్చటికి వచ్చునప్పటికి తేలికపడియుండును. సంవత్సరమునకు సగటున ఇచ్చట కురియు వాన సుమారు 500 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలో పడును. ఆ వాన తప్పినచో ఏమగునో 1876-78 సంవత్సరముల ధాత కఱవు చూపినది. ఆనాటి మద్రాసు రాజధానిలో ఆ కఱవు వలన మిక్కిలి చితికిన జిల్లాలలో బళ్ళారి యొకటి.

ఇట్టి సీమకు ప్రకృతి ఒసగిన నిధి నల్లరేగడి. ఈ మంటిలో బంకరేణువులు మిక్కిలి సన్నములు. అవి నీటిని త్రాగి ఉబ్బును, ఎండిన కొలది ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. లోతైన రేగడినేల 150 నుండి 200 మిల్లీమీటర్ల వఱకు పైరునకు పనికివచ్చు నీటిని తనలో దాచుకొనగలదు. అనగా మంచి వాన కురిసిన యేట నేల తానే ఒక చెఱువగును. ఆ చెఱువునకు గట్టు లేదు, కాలువ లేదు. వేరొక్కటే దానికి తూము. హింగారు జొన్నయు, శనగయు, ధనియాలును ఈ తూము నమ్ముకొని పండు పైరులు.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు మన చెంతనే పరిశీలించిరి. 1930ల దశాబ్దమున షోలాపూరు, బిజాపురము, రాయచూరు, రోహతక్ అను చోట్లతోపాటు బళ్ళారి సమీపమందలి హగరిలోను మెట్టసేద్యమును గూర్చి ప్రయోగములు జరిగినవి. చేనికి కట్టలు వేసి వాననీటిని నిలుపుట, లోతుగా దున్నుట, విత్తనము పలుచగా ఎడము విడిచి చల్లుట అనునవి ఆ ప్రయోగముల నుండి వెలువడిన ముఖ్యమైన సలహాలు. మొదటి రెండును నీటిని నేలలోనికి దింపు ఉపాయములు. మూడవది ఒక్కొక్క వేరునకు ఎక్కువ నేలను పంచియిచ్చు ఉపాయము. పరికించి చూచిన మూడును వేరు కొఱకు చేసినవే.

వేరు

తెలుగున వేరు, కన్నడమున బేరు, తమిళమున వేర్. మూడు భాషల మాటయు ఒక్క మూలము నుండి పుట్టినదే. మన సీమలో తెలుగుబిడ్డలు బడిలో ఒక మాటను, సంతలో ఇంకొక మాటను పలుకుదురు గనుక దీనిని తేలికగా గుర్తింపగలరు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రమునకును చెందినవి. నేలపైన ఎల్లరాయి నాటబడినది గాని, నేల క్రింద రేగడియు దానిలోని తడియు వేళ్ళును ఆ రాతిని ఎఱుగవు. ఈ వ్యాసములో చెప్పునది ఎల్లకు ఇరువైపుల చేలకును సమానముగా వర్తించును.

వేళ్ళు ముఖ్యముగా రెండు విధములు. శనగ, కంది, పత్తి మొక్కలను పెఱికి చూచినచో, నడుమ బలమైన వేరొకటి సూటిగా దిగి దానినుండి ప్రక్కవేళ్ళు చీలుట కనబడును. ఇది తల్లివేరు. జొన్న, సజ్జ, వరి మొక్కలకు అట్టి తల్లివేరు నిలువదు. గింజనుండి తొలుత పుట్టిన వేరు కొద్దికాలమే ప్రధానముగా పనిచేయును. పిమ్మట కాండము మొదటి కణుపుల నుండి పలువేళ్ళు గుంపుగా పుట్టును. వీనిని పీచువేళ్ళందురు. జొన్న ఎదిగిన పిదప నేలకు పైనున్న కణుపుల నుండి కూడ లావుపాటి వేళ్ళు వెలువడి, గుడారపు త్రాళ్ళవలె నాలుగు వైపుల నేలను పట్టుకొనును. ఇవి ఊతవేళ్ళు. గాలికి దంటు పడిపోకుండ కాపాడుట వీని మొదటి పని. లోతైన నేలలో జొన్నవేళ్ళు ఐదాఱు అడుగుల వఱకు దిగగలవు.

వేరుకొనను భూతద్దముతో చూచినచో అచ్చట నాలుగు భాగములు వరుసగా కనబడును. అన్నిటికంటె క్రింద వేరుతొడుగు కలదు. కుట్టుపని చేయువారు వ్రేలికి తొడుగుకొను తొడుగు వంటిదిది. గట్టిమంటిలో రాపిడికి ఇది అరుగుచుండును, లోపలినుండి క్రొత్తది పుట్టుచుండును. తొడుగులోని కొన్ని కణములలో బరువైన పిండిరేణువులు ఉండి క్రిందికి జారి నిలుచును. వేరు ఏది క్రిందో ఏది పైనో తెలిసికొనుటకు అవియే సాధనములు. తొడుగునకు పైన కణములు విడివడి వృద్ధిపొందు చోటును, దానిపైన కణములు సాగు చోటును గలవు. అటుపైన కంటికి నూగువలె కనబడు మూలకేశములు పుట్టును. నీటిని పీల్చు పనిలో వీనిదే పెద్ద పాలు. ముదిరిన వేరు ముఖ్యముగా మోయునదియు పట్టుకొనునదియు మాత్రమే. కావుననే నారును నాటునపుడు పెఱికివేసిన మొక్క ఒకటి రెండు దినములు తలవాల్చును. వేరు తెగకున్నను దాని నూగు రాలిపోయియుండును.

ఆ నూగు ఎంత గలదో 1937లో డిట్మర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు లెక్కించెను. ఆయన నాలుగు మాసముల వయసుగల ఒక్క రై మొక్కను పెట్టెలో పెంచి, దాని వేళ్ళను మంటినుండి కడిగి తీసి కొలిచెను. రై అనునది గోధుమజాతి గడ్డిమొక్క. ఆ ఒక్క మొక్కకు కోటి ముప్పది లక్షలకు పైగా వేళ్ళుండెను. వాని మొత్తము పొడవు 620 కిలోమీటర్లకు మించెను. మూలకేశముల సంఖ్య సుమారు 1400 కోట్లు, వాని మొత్తము పొడవు 10 వేల కిలోమీటర్లకు పైన. మనము పిడికిట పట్టుకొని పెఱికెడు గడ్డిమొక్క నేలలో ఇంతటి వ్యాపారము నడుపుచున్నదని తలచినచో దానియెడ గౌరవము కలుగును.

వేరు నీటిని ఎట్లు పీల్చును?

మూలకేశము ఒక సన్నని పొరగల సంచి. దాని లోపల చక్కెరలు, లవణములు కరగిన చిక్కని రసము కలదు. వెలుపల మంటిలోని నీరు పలుచనైనది. ఇట్టి పొరకు ఇరువైపుల రెండు ద్రవములున్నపుడు, పలుచని ప్రక్కనుండి చిక్కని ప్రక్కకు నీరు ప్రవేశించును. దీనిని ద్రవాభిసరణమందురు. ఎండుద్రాక్ష నీటిలో వేసిన కొంతసేపటికి ఉబ్బుటకు కారణమిదియే.

దీనికి ఎదురు ఉదాహరణము మన యింటి జాడీలోనే కలదు. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి ఉంచినచో మరునాటికి ఊట దిగును. అది వెలుపలినుండి పోసిన నీరు కాదు, ముక్కలోని నీరే. వెలుపల ఉప్పు చిక్కబడుటచే ముక్కలోని నీరు బయటికి వచ్చినది. ఈ ఊరగాయ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. చౌడునేలను గూర్చి చెప్పునపుడు మరల దీనితో పనిపడును.

వేరు నీటితోపాటు నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగు లవణములను కూడ కొద్దికొద్దిగా గ్రహించును. కాని మొక్క శరీరమంతయు మంటినుండియే వచ్చినదను తలంపు సరికాదు. పదునేడవ శతాబ్దమున వాన్ హెల్మాంట్ అను వైద్యుడు 200 పౌనుల ఎండుమంటిలో 5 పౌనుల విల్లో మొక్కను నాటి, ఐదేండ్లు నీరు మాత్రము పోసి పెంచెను. చెట్టు 169 పౌనులకు పెరిగెను. మన్ను తగ్గినది రెండు ఔన్సులు మాత్రమే. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తలచెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకులు గ్రహించి ఎండ సాయమున ఆహారము చేయునని ఆ తరువాతి తరముల వారు కనుగొనిరి. కావున వేరు వంటయింటికి నీరును ఉప్పును మోయునది. వంట జరుగునది ఆకులో.

నేలకును వేరునకును పెనుగులాట

మంటిలో నీరున్నంత మాత్రమున వేరునకు అది అందునని అనుకొనరాదు. ప్రతి రేణువును తన చుట్టు పలుచని నీటిపొరను పట్టుకొనియుండును. తడి యున్నపుడు ఆ పట్టు సడలి వేరు సులభముగా నీటిని తీసికొనును. ఎండిన కొలది పట్టు బిగియును. ఆ పట్టు గాలి ఒత్తిడికి సుమారు పదునైదు రెట్లగునప్పటికి చాల పైరులు ఓడిపోయి, రాత్రియైనను కోలుకొనని రీతిగా వాడును. బంకరేణువులు సన్నములగుటచే రేగడికి ఈ పట్టు ఎక్కువ. పైరు ఎండిపోయిన రేగడిలో కూడ కొంత నీరు మిగిలియే యుండును. అది వేరు విడిపింపలేని నీరు.

వేరున కిచ్చట రెండు ఉపాయములు కలవు. ఒకటి, ఎండిన పైపొరను విడిచి తడియున్న లోతునకు దిగుట. రెండు, తాను పీల్చివేసిన చోటును విడిచి ప్రక్కనున్న క్రొత్తచోటునకు ప్రాకుట. అనగా హింగారు పైరులో వేరు నీటికొఱకు కూర్చుండి వేచియుండదు, నీటిని వెదకికొనుచు నడచును. చేనికి తొలి దినములలోనే అతిగా తడి అందినచో వేళ్ళు పైపొరలోనే తిరుగాడి లోతునకు దిగుటకు అలవడవు. అట్టి పైరు వాన వెనుదీసినప్పుడు తొందరగా వాడును.

రేగడికి నెఱ్ఱెలు విచ్చుటయు వేరునకు ఒక గండము. నెఱ్ఱె విచ్చిన చోట సన్నవేళ్ళు తెగును. నెఱ్ఱెగోడలనుండి లోతులోని తడియును గాలికి ఆవిరియగును. ఈ కారణముననే పెద్దలు వరుసల నడుమ గుంటకయు దంతియు ఆడింతురు. పైమన్ను పొడియై నెఱ్ఱెలను పూడ్చును, తడికిని ఎండకును నడుమ దుప్పటివలె పరచుకొనును. కలుపు తీయుట దీని కన్ను కనిపెట్టు ప్రయోజనము, వేరును కాపాడుట కన్ను కానని ప్రయోజనము. రెండవది మొదటిదానికంటె తక్కువది కాదు.

కాండము

వేరు తెచ్చిన నీరు ఆకునకు చేరవలెను, ఆకు చేసిన ఆహారము వేరునకు చేరవలెను. ఈ రెండు ప్రయాణములకును బాట కాండము. దానియందు నీటిని మోయు నాళములకు దారువు అని పేరు. ఆహారమును మోయు నాళములకు పోషక కణజాలమని పేరు. పత్తి, వేప, చింత మొదలగువానిలో ఈ నాళములు వలయాకారముగా అమరి, రెంటి నడుమ క్రొత్త కణములను పుట్టించు పొర యొకటి యుండును. అందుచే ఆ చెట్లు ఏటేట లావెక్కును. జొన్న, చెఱకు, కొబ్బరి మొదలగువానిలో నాళములు చిన్న చిన్న కట్టలుగా కాండమంతట చెదరియుండును. వానికి ఆ పొర లేదు. జొన్నదంటును నమిలినపుడు పండ్లకు తగులు పీచు ఈ కట్టలే.

బాటను కంటితో చూచుటకు చిన్న ప్రయోగము చాలును. లేత కాశీతుమ్మ మొక్కను వేళ్ళతో తీసి కడిగి, ఎఱ్ఱసిరా కలిపిన నీటిలో నిలుపవలెను. కొన్ని గంటలకు కాండములోను ఆకుల ఈనెలలోను ఎఱ్ఱని చారలు కనబడును. కాండమును అడ్డముగా కోసినచో కోతయంతయు ఎఱ్ఱబారదు, కొన్ని చుక్కలు మాత్రమే ఎఱ్ఱబారియుండును. ఆ చుక్కలే దారువు.

నీరు పల్లమెఱుగునని మన సామెత. అట్టి నీరు తాటిచెట్టు తలపైకి ఎవరు తోడకయే ఎట్లెక్కుచున్నది? 1727లో స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్లేయుడు పొద్దుతిరుగుడు మొక్కను తూచి, పగటివేళ పండ్రెండు గంటలలో అది సగటున సుమారు 20 ఔన్సుల నీటిని ఆవిరిగా విడుచుచున్నదని కనుగొనెను. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఇట్లు ఆకుల సన్నరంధ్రముల ద్వారమున గాలిలో కలియును. దీనినే బాష్పోత్సేకమందురు. 1894లో డిక్సన్, జోలీ అను ఐర్లండు శాస్త్రజ్ఞులు దీనినే నీటి ఆరోహణమునకు మూలకారణముగా నిరూపింప పూనుకొనిరి. నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండును. ఆకులో ఒక బిందువు ఆవిరియైనపుడు దాని వెనుకనున్నది లాగబడును, దాని వెనుక మఱియొకటి. ఈ లాగుడు దారువు గుండ సన్నని నీటిత్రాడువలె వేరుకొన వఱకు, అచ్చటినుండి మంటిలోనికిని సాగును. మన దేశపు జగదీశచంద్ర బోసు 1923లో ప్రకటించిన గ్రంథమున, కాండములోని సజీవకణములు గుండెవలె కొట్టుకొనుచు నీటిని పైకి నెట్టునని వాదించెను. ఆ వాదము నిలువలేదు. నీటిత్రాటి సిద్ధాంతమే నేటికిని అంగీకరింపబడుచున్నది. మొక్కలు స్పందించునని చూపుటలో ఆయన చేసిన కృషికి మాత్రము దీనివలన లోపము కలుగలేదు.

త్రాడు గనుక తెగు ప్రమాదమును గలదు. నేల మిక్కిలి ఎండి ఆకు మిక్కిలి లాగినపుడు నాళములలో గాలిబుడగ చేరి త్రాడు తెగును, ఆ నాళము పనికిరాకపోవును. ఈ ప్రమాదము రాకమునుపే జొన్న జాగ్రత్తపడును. ఆకులను చుట్టుకొని ఎండకు తగులు భాగమును తగ్గించుకొనును, ఆకురంధ్రములను మూసికొనును. దంటుపైన వ్రేలికి అంటు తెల్లని బూడిదవంటి మైనపుపొర కూడ నీటిని కాపాడునదే.

రాత్రివేళ ఆకులు లాగవు. అప్పుడు వేరు తనంతట తానే కొంత ఒత్తిడితో నీటిని పైకి నెట్టును. తడినేలలోని లేతజొన్న ఆకుల కొసలయందు తెల్లవారుజామున నిలిచియుండు బొట్లన్నియు మంచు కావు. వానిలో కొన్ని వేరు నెట్టిన నీటిబొట్లు.

ఆహారము క్రిందికి దిగుట

పదునేడవ శతాబ్దమున మాల్పీగీ అను ఇటలీ శాస్త్రజ్ఞుడు చెట్టుకొమ్మ చుట్టును బెరడును ఉంగరమువలె ఒలిచి చూచెను. ఒలిచినచోటికి పైభాగము ఉబ్బెను, క్రిందిభాగము ఉబ్బలేదు. ఆకులలో తయారైన ఆహారము బెరడులోపలి బాటను దిగివచ్చి ఆ చోట ఆగిపోయెనని దీని భావము. నీరు లోపలి కొయ్యగుండ ఎక్కును గనుక ఆకులు వెంటనే వాడవు. కాని వేళ్ళకు ఆహారమందక కొంతకాలమునకు చెట్టు చచ్చును. వేపచెట్టు మొదట బెరడును చుట్టును చెక్కివేయువారు తాము వేరునకు అన్నము మాన్పుచున్నామని ఎఱుగరు.

మిగిలిన ఆహారమును మొక్క దాచుకొనును. గెణుసుగడ్డ ఉబ్బిన వేరు. ఉర్లగడ్డ ఉబ్బిన కాండము. రెండును నేలలోనే యున్నను, ఉర్లగడ్డపైన కన్నులుండును, ఒక్కొక్క కన్ను ఒక కణుపు మొగ్గ. అల్లమును పసుపుకొమ్మును నేలలో ప్రాకు కాండములే. ఎఱ్ఱగడ్డను నిలువున కోసినచో అడుగున బిళ్ళవంటి చిన్నభాగమే కాండము, పైపొరలన్నియు ఆకులు. నేలలో నున్నదెల్ల వేరు కాదను సంగతి దీనివలన తెలియును.

జొన్న తన నిలువను దంటులో ఉంచుకొనును. గింజ పట్టువేళ నేల ఎండినచో ఆకులు చాలినంత ఆహారము చేయలేవు. అప్పుడు దంటులోని నిలువ కంకికి తరలును. దంటు బలహీనమగును. ఇట్టి అదనుచూచి నేలలోని ఒక బూజు వేళ్ళగుండ దంటులోనికి చొచ్చును. మొదలు లోపల గుల్లయై, పీచు మసిపూసినట్లు నల్లబడి, పండబోవు చేను నేలకొఱగును. రైతులు దీనిని మసికుళ్ళందురు. పడినది దంటు, కాని పడగొట్టినది వేరు దగ్గఱ తడి లేమి. వేరు కాండములు వేర్వేరు అంగములైనను ఒకదాని కష్టము రెండవదానికి తప్పదు.

వేరు పంపు వార్తలు

వేరు నీరుమోయు కూలి మాత్రమే కాదు, వార్తలు పంపునది కూడ. నేల ఎండుచున్నదని వేరు మొదట ఎఱుగును. అంతట ఆకురంధ్రములను మూయుమని తెలుపు పదార్థము మొక్కలో హెచ్చును. వేరునుండి వెలువడు ఇంకొక జాతి పదార్థముల కథ మన సీమకు మిక్కిలి దగ్గఱది. జొన్నచేలలో చక్కని చిన్నపూలతో జొన్నమల్లె యను కలుపు మొలచును. అది జొన్నవేరును అంటుకొని దాని నీటిని, ఆహారమును దొంగిలించును. దాని గింజలు ధూళివలె సన్ననివి, నేలలో ఏండ్లకొలది నిద్రించును. జొన్నవేరు వెలువరించు పదార్థము సోకిన గాని మొలకెత్తవు. 1966లో శాస్త్రజ్ఞులు ఇట్టి పదార్థమును తొలుత వేరుచేసినది జొన్ననుండి కాదు, పత్తివేళ్ళనుండి. పత్తివేరును జొన్నమల్లె అంటుకొనలేదు. అయినను పత్తి పిలుపునకు దాని గింజలు మొలచి, ఆధారము దొరకక చచ్చును. జొన్న వేసిన చేనిలో మరుసటి యేడు పత్తి వేయు మార్పిడిలో ఈ మేలు ఇమిడియున్నది.

మొక్క తన శత్రువును తానే ఏల పిలుచుచున్నది? ఈ పదార్థములు వేరునకు భాస్వరమును తెచ్చియిచ్చు మేలుబూజులను పిలుచు పిలుపులని 2005లో తెలిసినది. కాండమున కొమ్మలు ఎక్కువగా చీలకుండ అదుపుచేయునవి కూడ ఇవియేనని 2008లో తెలిసినది. నేల పేదదైనపుడు వేరు ఇట్లు చెలికాండ్రను పిలుచును, పైన కొమ్మలను తగ్గించుకొమ్మని కాండమునకు చెప్పును. దొంగ ఆ పిలుపును పొంచి వినుచున్నాడు.

శనగ, కంది, వేరుసెనగ వేళ్ళపైనున్న బుడిపెలు కూడ ఇట్టి స్నేహమే. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చును. ఆకు పంపిన చక్కెర వానికి కూలి. బుడిపెను గిల్లి చూచినచో లోపల ఎఱుపు కనబడిన, పని సాగుచున్నదని గుర్తు.

నీరు ఎక్కువైనచో

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. వేరు ప్రాణముగలది, శ్వాసించునది. మంటిరేణువుల నడుమనుండు గాలియే దానికి ఊపిరి. నీరు నిలిచినపుడు ఆ సందులన్నియు నీటితో నిండును. గాలి నీటిగుండ మిక్కిలి మెల్లగా మాత్రమే చేరును. ఊపిరాడని వేరు లవణములను గ్రహింపలేదు, నీటిని కూడ సరిగా పీల్చలేదు. కావుననే నీటిలో నిలిచిన జొన్న దాహముతో నున్న జొన్నవలె వాడును. దానికి మరల నీరు పెట్టుట ముంచిన వానిని మరల ముంచుట వంటిది.

మఱి వరి ఎట్లు బ్రదుకుచున్నది? వరికాండములోను వేరులోను గాలిగదులు కలవు. ఆకుల చెంత చేరిన గాలి కాండముగుండ దిగి వేరుకొన వఱకు పోవును. నీటిలో మునిగిన వేరునకు కాండము ఊపిరిగొట్టముగా పనిచేయుచున్నది. వరికున్న ఈ ఏర్పాటు జొన్నకు, శనగకు చాలినంత లేదు. ఒక పైరునకు మేలైన నీరు ఇంకొక పైరునకు కీడగుట ఇందువలననే.

తుంగభద్ర ఆనకట్ట పని 1945లో ఆరంభమై, 1953లో కాలువలకు నీరు వచ్చినది. కఱవుసీమకు అది వరమనుటలో సందేహము లేదు. తక్కువ నీటితో పండు మెట్టపైరులకే ఎక్కువ విస్తీర్ణమున నీరు పంచవలెనని తొలుత ఉద్దేశింపబడినను, కాలువల తలభాగములలో వరి విస్తరించినది. రేగడిలో నీరు మెల్లగా ఇంకును, మెల్లగా పోవును. మురుగునకు దారి లేనిచోట అడుగునీరు పైకి లేచును. లేచిన నీరు తనతో నేలలోని లవణములను తెచ్చును. నీరు ఎండకు ఆవిరియగును, ఉప్పు నేలపై మిగులును. ఇట్లు ఆయకట్టులో కొన్ని మంచినేలలు చౌడుబారినవి. గంగావతి వ్యవసాయ పరిశోధనస్థానమున ఈ సమస్యపై పరిశోధనలు జరుగుచున్నవి.

చౌడునేలలో వేరు పడు పాటు మనము ముందు చెప్పిన ఊరగాయ ముక్క పాటే. వెలుపలి నీరు ఉప్పుతో చిక్కబడినచో అది వేరులోనికి ప్రవేశింపదు. పాదము చుట్టు తడి యుండగనే మొక్క దాహముతో ఎండును. మురుగుకాలువలు త్రవ్వుట, మంచినీటితో ఉప్పును కడిగి ఆ కాలువలగుండ పంపివేయుట, క్షారము ముదిరిన నేలకు జిప్సము వేయుట దీనికి చికిత్సలు. వీనికంటె సులభమైనది రోగము రానీయకుండుట. నీరు వచ్చు కాలువతోపాటు నీరు పోవు కాలువయు ఉండవలెను. కాలువలో నీరున్నది గదా యని చేనికి పెట్టక, వేరునకు కావలసినప్పుడు కావలసినంతయే పెట్టవలెను.

చేసి చూడవలసినవి

విద్యార్థులు ఈ పాఠమును చేలలో సరిచూచుకొనవలెనని మా కోరిక. జొన్నకోత యైన పిమ్మట, పెద్దల అనుమతితో, ఒక కొయ్యకాలి ప్రక్కన మోకాటిలోతు గుంట త్రవ్వి, గుంటగోడను నీటితో మెల్లగా కడుగుడు. వేళ్ళు ఎంత లోతునకు దిగినవో, ఎచ్చట వంగినవో, ఎచ్చట గట్టిపొర తగిలి ప్రక్కకు మరలినవో వ్రాసికొనుడు. మెరకచేనిలో ఒక గుంటయు, నీరు నిలుచు పల్లపుచేనిలో ఒక గుంటయు త్రవ్వి రెంటిని పోల్చుడు. శనగమొక్క నొకదానిని పెఱుకక త్రవ్వి తీసి బుడిపెలను లెక్కింపుడు. చూచి ముగిసిన పిదప గుంటలను పూడ్చుట మఱవకుడు. పశువుల కాలు పడును.

పైరు బాగున్నదా యని అడిగినపుడు మనము ఆకును చూచి చెప్పుదుము, కంకిని చూచి చెప్పుదుము. వానితోపాటు ఒక పిడికెడు మన్ను తీసి నలిపి చూచుట అలవరచుకొనవలెను. అది ముద్దయగుచున్నదా, పొడియగుచున్నదా, ఉప్పు తేలియున్నదా, కుళ్ళువాసన వేయుచున్నదా? వేరు దినమంతయు చూచుచున్నది దానినే. ఈ అలవాటు గల రైతుబిడ్డ, చేనికి నీరు పెట్టుటకు ముందు ఒక్క నిమిషము ఆగి ఆలోచించును. మన సీమలో ఆ ఒక్క నిమిషము విలువ పంటయంతటిది.